మూడో బంతి

రెండూ నలభైకి ఫోను దిండు కింద గింజుకుంది.
మారతహళ్లి అంతా పడుకుంది, బోరు మోటారు తప్ప.
తెర మీద ఐదువందల రెండు,
కాస్త ఆగి, మళ్లీ ఐదువందల రెండు.

తెరిచి చూస్తే దానికో తాళం ఉంది:
సరే, సరే, తప్పు.
సరే, సరే, తప్పు.
లోడ్ బ్యాలెన్సర్ పెళ్లిభోజనాల దగ్గర పెద్దమనిషి,
మొహం చూడడు, ఊరడగడు,
వచ్చినవాళ్లని వచ్చినట్టు మూడు బంతులకీ పంపుతాడు.
మూడో బంతిలో ఆకే వెయ్యలేదు.

ఈ వేళప్పుడు మడివాళలో ఎవరో
అనంతపురం బస్సు మెట్టు మీద నిలబడి
టికెట్టు తెరుచుకోక
ఫోన్ని ఆకాశానికి చూపిస్తుంటాడు,
తప్పు తన సిగ్నల్‌దే అనుకుంటూ.

మూడో కంటైనర్ లోపలికి దిగి అడిగాను:
ఉన్నావా?
ఉన్నానంది, రెండు మిల్లీసెకన్లలో.
పది సెకన్లకోసారి నాడి పట్టే వైద్యుడిదీ
సాయంత్రం నుంచీ అదే మాట:
కులాసా. కులాసా. కులాసా.
సీపీయూకి చెమటైనా పట్టలేదు.
పట్టదు మరి, పనుంటే కదా.

గంటసేపు లాగులు తిరగేశాను.
రెండుసార్లు రీస్టార్ట్ కూడా చేశాను,
మాకది విభూతి పెట్టడం లాంటిది.

తబస్సుమ్‌ని లేపక తప్పలేదు.
చంటిదాని వెక్కిళ్ల మధ్య ఆమె కడప గొంతు:
"లోపల కూచోని అడిగితే ఏం తెలస్తాది సామీ,
వీధిలోకొచ్చి తలుపు కొట్టి సూడు."

కొట్టాను.
పలకలేదు.

నూట ఇరవై ఏడు, సున్నా, సున్నా, ఒకటి:
తన చిరునామా తనకే చెప్పుకుని
చెవి లోపలివైపు తిప్పుకుని కూర్చుంది.
వైద్యుడి కుర్చీ కూడా మేం లోపలే వేశాం.

ఆ వరస రాసిందెవరో వెతికాను.
నిన్న సాయంత్రం ఆరూ పది. నా పేరే.
నా లాప్‌టాప్‌లో నడిచింది కదా అని,
సిల్క్‌బోర్డు దగ్గర ఇరుక్కోకముందే బయటపడాలని.
తబస్సుమ్‌కి చెప్పాను.
నవ్వలేదు. పాప తేన్చింది, అంది.

వరస మార్చాను: నాలుగు సున్నాలు.
ఇక్కడ సున్నా అంటే ఏమీ లేదని కాదు,
ఏ వైపు నుంచి పిలిచినా పలుకుతానని.
సరే, సరే, సరే.

నాలుగున్నరకి నీళ్ల ట్యాంకరొచ్చి
గేటు బయట హారన్ కొడుతోంది,
కొడుతూనే ఉంది.
కేబిన్లో దీపం వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది,
సిద్దలింగప్ప చెవుల్లో ఇయర్‌ఫోన్లు.
చీకట్లో చెప్పులు వెతుక్కుంటూ
నాలుగంతస్తులూ దిగాను.