శివారు

సూర్యారావుపేటలో మా స్కానింగ్ సెంటర్
నేలకి పదకొండు మెట్లు కింద ఉంటుంది.
పైన మందుల షాపు, ఆ పైన టిఫిన్ల హోటలు.
పొద్దున ఆరున్నరకి మొదటి పేరు పిలిచాను:
దోవా యేసుపాదం, డెబ్బై ఒకటి,
ఆర్నెల్లుగా మాట తడబాటు.

ఒంటిమీద ఇనుమేమైనా ఉందా అంటే
రెండు చేతులూ చాపి చూపించాడు.
"ముప్పైనాలుగేళ్ళు లాకుల కాడ చక్రం తిప్పా.
ఉంటే ఇందులోనే ఉండాల."
మొలతాడుకున్న తాళంచెవి, మెళ్ళో శిలువ
సంతోషమ్మగారి కొంగుముడిలోకి వెళ్ళాయి.

బందరు కాలువ మీద లస్కరట.
చక్రం అన్న మాట వచ్చింది గానీ
షట్టరు అన్న మాట రాలేదు.
దాని బదులు అరచెయ్యి
గాల్లో పైకీ కిందకీ ఆడించాడు.
"తలుపు" అందామె.
తలూపాడు, అదేనన్నట్టూ, అది కాదన్నట్టూ.

రంగుమందు ఎక్కించొద్దని డాక్టరుగారు రాశారు,
కిడ్నీలు ఇప్పటికే అలిసిపోయాయని.
సూది లేదు తాతా, అన్నాను.
"మరెట్టా తెలుస్తది?"
నాకెప్పుడూ ఇక్కడే చెప్పడం చేతకాదు.
మెడ దగ్గర, మీ నెత్తుట్లో ఉన్న నీళ్ళకి
అయస్కాంతంతో ఓ గుర్తు పెడతాం.
అవి తలలోకి ఎక్కేదాకా ఆగి బొమ్మ తీస్తాం.
గుర్తు పెట్టకుండా ఇంకోటి తీస్తాం.
దీంట్లోంచి దాన్ని తీసేస్తే
మిగిలేదే మీ నెత్తురు నడిచిన దారి.

నవ్వాడు. వచ్చాక అదే మొదటిసారి.
"మేవూ... అంతే.
గడ్డిపరక. నీళ్ళలో.
ఈ రాయి కాణ్ణించి ఆ... ఆ రాయిదాకా అంకెలు.
చెయ్యి తడవదు."

ఇంకేదో కూడా అన్నాడు, బల్లమీద పడుకోబోతూ:
"శివారుకి... శివారుకి..."
మిగతాది ఆమె అందుకుంది.
"మూడో రోజుకి గానీ నీళ్ళు ఎక్కవంటాడమ్మా.
రెండో రోజే వచ్చి చూసి
ఎండిందని రాసుకుపోయిన సూపర్‌వైజరుతో
ఓసారి కొట్లాడాడులే. అందరికీ అదే చెప్తాడు."

గొట్టంలోకి పంపాను.
కృష్ణ వంతెన మీదికి గూడ్సు బండి ఎక్కినట్టు
దడదడలాడింది యంత్రం.
అద్దానికి ఇవతల నేనూ, తొరక కట్టిన టీ.

మొదటి బొమ్మలో కుడివైపంతా
ఎరుపూ పసుపూ పారింది.
ఎడమవైపు, చెవికి పైన,
మాటలు కాపురముండే వీధిలో
నలుపు.

ఆ నలుపు నేను చాలాసార్లు చూశాను.
రిపోర్టు రాయడం నా పని కాదు.
ఫైలు మూసి రెండో పేరు పిలవొచ్చు,
బయట కుర్చీలు నిండిపోయి ఉన్నాయి కూడా.

కానీ మూడో రోజు అన్నాడే ముసలాయన.

ఈ గుర్తుకి ఆయుష్షు రెండు సెకన్లు, అటూ ఇటూగా.
ఎక్కువ ఆగితే నీళ్ళు చేరతాయి, గుర్తు చెరిగిపోతుంది.
తక్కువ ఆగితే గుర్తుంటుంది,
నీళ్ళింకా ఏ బోదెలోనో నడుస్తుంటాయి.
ఆ మధ్యలో ఎక్కడ చెయ్యి ఆపాలో
పుస్తకంలో ఒక అంకె ఉంది.
అది ఆయన మెడ నరాలని చూసి రాసిన అంకె కాదు.

మైకులో అన్నాను:
తాతా, ఇంకో ఐదు నిమిషాలు. కదలొద్దు.
ఆగే సమయం పెంచాను.

నలుపు అంచున మసగ్గా,
తెల్లారగట్ట మళ్ళో నీళ్ళు మెరిసినట్టు ఒక గీత.
కాసేపటికి దాని పక్కన ఇంకోటి.
ఆలస్యంగా అందడం వేరు, అందకపోవడం వేరు.
అంతా తడవలేదు, అబద్ధమెందుకు,
నడుమ చింతగింజంత చోటు
ఎంత ఆగినా వెలగలేదు.
దాని సంగతి డాక్టరుగారే చెప్పాలి.

బల్ల బయటికొచ్చింది. చెవుల్లో బిరడాలు తీశాను.
నా మొహంలోకి చూస్తూ
అరచెయ్యి మెల్లగా పైకి లేపాడు,
ఇందాకటి సైగే.
అడుగుతున్నాడు.

మేం చెప్పకూడదు, రూలు.
నేనూ అరచెయ్యి లేపాను
సగందాకా.