పడదు

మా ఇంట్లో ఈ మాట చవక.
నాకూ మా అత్త సూర్యావతికీ పడదు.
ఆకివీడు దాటితే మా ఆయనకి నీళ్ళు పడవు.
అందుకే దేదీప్య పెదాలు వాచిన రోజు
ఎవరికి వాళ్ళం ఓ దొంగని పట్టుకొచ్చాం.
రొయ్య, అంది అత్త.
చెరువుల మందు, అన్నాడు మా ఆయన.
దిష్టి, అంది పక్కింటావిడ
ఎండుమిరపకాయలతో సహా హాజరై.

ఆర్నెల్లు రొయ్య మానిపించాం,
గుమ్మం ఎదురుగా రొయ్యల చెరువు పెట్టుకుని.
అయినా శనివారం వచ్చేసరికి
మెడ నిండా దద్దుర్లు.
మూడోసారి ఊపిరిలో ఈల.
కాలవగట్టు మీద స్కూటీ భీమవరం దాకా
ఎలా నడిపానో నన్నడక్కండి.

డాక్టరు లావణ్యప్రభ గారు ఇంజెక్షన్ చేసి, పిల్ల తేరుకున్నాక
ఓ నోటుబుక్కు పెట్టమన్నారు.
తిన్నది, తిన్న టైము, ఒళ్ళు మారిన టైము.
మూడు వారాలు రాశాను
కర్రీ పాయింట్ బాకీల పక్కనే.

తర్వాత పరీక్ష.
వారం ముందే దురద మాత్ర ఆపించారు.
ముంజేతి మీద పెన్నుతో అంకెలు,
అంకె పక్కన చుక్క, చుక్కలో చిన్న పోటు,
వరి ఊడ్చినంత వరసగా.
గోకకు తల్లీ, ఇంకో పది నిమిషాలే.

నేను రొయ్య చుక్కనే చూస్తున్నా.
అక్కడేం లేవలేదు.
లేచింది ఏడో నంబరు,
దోమకాటులా మొదలై చింతగింజంత.

సోయా, అన్నారు.
అంటే?
మీల్ మేకరమ్మా.

రొయ్య మానేసింది, బలం తగ్గుతుందని
శనివారం శనివారం
అల్లం వెల్లుల్లి దట్టించి
నా చేత్తో నేను పెట్టిన కూర.

మా పిల్లకి సోయా పడదన్నమాట, అన్నాను.
పడకపోవడం వేరమ్మా, అన్నారావిడ.
పాలు తాగితే మీ అత్తగారికి కడుపుబ్బరం, అదీ పడకపోవడం.
ఇది ఒళ్ళు పొరపాటున యుద్ధానికి లేవడం.
ఈ చింతగింజొక్కటే చెబితే నమ్మను,
మీ పుస్తకం కూడా అదే చెబుతోంది.

అప్పట్నించీ ప్యాకెట్ల వెనక
చీమల్లాంటి అక్షరాలు కూడబలుక్కుంటున్నా.
బిస్కెట్, చాక్లెట్, సాస్ సీసా.
మా ఆయన మోసే మేత బస్తా మీదా అదే పేరు.
ఇప్పుడాయన చొక్కా దొడ్లో విప్పి
మోచేతుల దాకా కడుక్కున్నాకే పిల్లనెత్తుకుంటాడు.

నిన్న అత్త చింతచిగురేసి రొయ్యలు వండింది.
దేదీప్య తోకలు కూడా వదల్లేదు.
నావైపు చూడకుండానే
నా కంచంలోనూ రెండు గరిటెలు వేసింది అత్త.
ఏమనాలో తెలీక
ఉప్పు తగ్గిందన్నాను.