గుర్తించినది

ఇసుకతోట మలుపులో తోపుడుబండి మీద
కడియం మట్టి తడి ఇంకా ఆరని మొక్క ఒకటి కొన్నాను.
"రాధామనోహరమమ్మా, గోడంతా ఎక్కీస్తాది" అన్నాడు బండివాడు,
నూటిరవై నుంచి ఎనభైకి దిగుతూ.

రెండేళ్లు. గోడ ఎక్కలేదు.
కంచరపాలెంలో మా మేడ మీద
నీళ్ల ట్యాంకు పక్కన పెయింటు డబ్బాలో కూచుని
ఊచకి దారం కట్టి దారి చూపించినా
అటు తల తిప్పలేదు.
కొమ్మలు నాలుగు వైపులా వంగి
సూది పడేసుకున్నదానిలా నేలంతా వెతికేవి.

కింది వాటా గౌరీపతి గారు గోరింటన్నారు.
పాల నూకయ్య దానిమ్మన్నాడు.
ముళ్లేవీ అంటే, ముదిరితే వస్తాయన్నాడు.
రేవు వైపు నుంచి బొగ్గు పొడి, బీచి వైపు నుంచి ఉప్పు గాలి,
మే నెల వచ్చేసరికి ఆకుల అంచులు
ఇస్త్రీ పెట్టె ఒక్క క్షణం ఎక్కువ ఆగిన పట్టులా
గోధుమరంగుకి మాడేవి.
పేరు తెలియని దానికి
ఏ మందు అడగను, ఎవర్ని అడగను?

కార్తీకంలో పూసింది.
బుల్లి గరాటాలు, తెలుపు, మెడ దగ్గర కాస్త గులాబీ.
గుత్తులుగా వేలాడలేదు, సాయంత్రం తెల్లగా విప్పి
మర్నాటికి ఎరుపెక్కలేదు.
వాసన ఉందా అంటే ఉంది,
ముక్కుకి తాకించి, కళ్లు మూసుకుంటే.

ఆ వారమే సన్యాసమ్మ వచ్చింది
జాకెట్టు చంకలు వదులు చేయించుకోవడానికి.
యూనివర్సిటీలో ఎండు మొక్కల గదిలో ముప్పైయొక్కేళ్లు
కాగితాల మీద ఆకులు అతికించిన మనిషి.
రవిక టేపు కొలతకి చేతులెత్తి నించునే
కిటికీలోంచి చూసి "అదేటి?" అంది.

మెట్లెక్కి, సంచిలోంచి పిడి విరిగిన భూతద్దం తీసి,
ముందు పువ్వు చూళ్లేదు.
కణుపు చూసింది. ఆకుకి ఎదురుగా ఆకు.
లేత కొమ్మ ఎర్రన. పువ్వులో నాలుగే కేసరాలు.
తర్వాత నేలమీద రాలిన పూలను వదిలేసి
రాలిన చోటు చూసింది.

అక్కడ, నేను గమనించనే లేదు,
పువ్వు వెళ్లిపోయాక కూడా
రాగిరంగు రక్షకపత్రాలు విప్పుకుని నిలబడున్నాయి,
గుండీ ఊడిపోయినా చొక్కా మీద మిగిలిన
నాలుగు కుట్ల దారంలా.
"ఇదీ దీని సంతకం" అంది.
"అబీలియా. హనీసకిల్ కుటుంబం.
చలవ దేశం పిల్ల. రాధామనోహరానికి దీనికీ సుట్టరికమే నేదు."

ఇంక ఒకటే తిట్లు.
డబ్బాకి చిల్లుల్లేవని, వేర్లు బురదలో ఉన్నాయని,
పొద్దుటెండ చాలు, పన్నెండు దాటితే ట్యాంకు నీడకి జరపమని,
వారానికోసారి ఆకుల మీద ఉప్పు కడగమని.
"నీ కత్తెరతో బంతిలా గుండు గియ్యకు.
ముసలి కొమ్మని మొదలంటా తియ్యి.
ఈ యేటి కొత్త కొమ్మకే పూస్తాది."
ఆషాఢంలో జానెడు ముక్కలు గుచ్చమంది.

నా కొలతల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి
అలవాటు చొప్పున గళ్లు గీసింది.
మొక్క. స్థలం. సేకరించినది. గుర్తించినది.
మూడోదాంట్లో నా పేరు రాసింది, కనకదుర్గ అని,
నాలుగోది ఖాళీగా వదిలేసింది.
"అతికించినోళ్ల పేరు ఏ కాగితం మీదా ఉండదమ్మా.
ఆ గడి పెద్దోళ్లది."
పెన్సిలు లాక్కుని నేనే రాశాను.
కాసేపు చూసుకుని, ఇంటిపేరులో
ఒత్తు తప్పిందని దిద్దింది.

డబ్బాకి అంటించిన ఆ కాగితాన్ని
మొదటి తుపాను తీసుకుపోయింది.
గుచ్చిన ఆరింట్లో నాలుగు బతికాయి.
ఒకటి సన్యాసమ్మ కిటికీలో.

మొన్న బండివాడు మా వీధికే వచ్చాడు.
నీళ్లడిగి, మేడ అంచు మీంచి వంగిన కొమ్మ చూసి
"ఇదేటి మొక్కమ్మా, బాగుంది, ఎక్కడ కొన్నావు?" అన్నాడు.