స్పష్టమే కదా

నేలమాళిగలో పద్నాలుగో నంబరు గది.
పైన మూడంతస్తుల ఇంజనీరింగ్ కాలేజీ,
కింద మేము: ఒక కెటిల్, ఒక తెల్లబోర్డు,
నాలుగో కాలు కింద పాత లాగరిథం పుస్తకం పెట్టిన బల్ల.
ఆక్లండ్ వాన మా కిటికీలో బూట్ల ఎత్తునుంచి కురుస్తుంది.
దారిన పోయే ప్రొఫెసర్లు మాకు మోకాళ్ల దాకానే తెలుసు.

దీవుల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలకి, మావోరీ పిల్లలకి,
ఇంటి మొత్తంలో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాళ్లకి
ఈ గది, అని తలుపు మీద కాగితం.
టేపు ఊడినప్పుడల్లా అతికించేది నేనే.

లెసియేలి ఆరు వారాలు నోరు విప్పలేదు.
అర్ధరాత్రి నుంచి నాలుగింటి దాకా
మాంగెరె విమానాశ్రయంలో అత్తతో కలిసి విమానాలు ఊడుస్తుంది.
ఒక్కోదానికి ఇరవై రెండు నిమిషాలు.
సీటు జేబుల్లో కమలా తొక్కలు, ఒంటి చెవిపోగులు,
ఒకసారి ఎవరిదో పన్ను.
ఎనిమిదింటికి కాల్‌క్యులస్ క్లాసు.

ఏడో వారం పుస్తకం నా ముందుకు తోసింది.
పేజీ అంతటికీ ఒక్క మాట చుట్టూ ఎర్ర సున్నా.
"కాబట్టి, ఇది స్పష్టమే."

"ఎవరికి?" అంది.

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే రాలేదు.
పదేళ్ల కిందట ఆ మాట బయట నేనూ నిలబడ్డాను,
లోపల అందరూ భోజనాలకి కూర్చున్నారనీ
తలుపు తట్టడం నాకొక్కడికే రాదనీ అనుకుంటూ.

అప్పట్నుంచి గదిలో అదే పని.
వైమారియె వెతుకుతుంది, ఇలైసా సున్నా చుడతాడు,
అందరం కలిసి ఒలుస్తాం, ఉల్లిపాయలా.
ఒకదాని లోపల మూడు మెట్లు, ఒకదాని లోపల ఏడు,
ఒక 'స్పష్టమే' లోపల పదకొండు పేజీలున్నాయి.
కళ్లు మండాయి కూడా.

సెప్టెంబరులో ఓ మంగళవారం, పై హాల్లో,
మూడొందల మంది మధ్య ఒక చెయ్యి లేచింది.
మోచెయ్యి ఇంకా వంగే ఉంది.
"అది ఎలా వచ్చిందండీ?"
"స్పష్టమే కదా," అన్నాడు గార్‌సైడ్, వెనక్కి తిరక్కుండానే.
"నాకు కాదండీ."

ఆయన బోర్డు వైపు చూస్తూ ఉండిపోయాడు.
ఒక నిమిషం. రెండు. ఎవరో దగ్గారు.
తర్వాత సగం బోర్డు తుడిచి
పైనుంచి మొదలుపెట్టి
"ఇక్కడొక షరతు కావాలి, నేనే మర్చిపోయాను," అన్నాడు.
రేకుల మీద వాన అందుకున్నట్టు
హాలంతా పెన్నుల చప్పుడు.
అంతసేపూ ఎంతమంది బయట నిలబడ్డారో
ఆ చప్పుడే చెప్పింది.

ఇప్పుడు నా ముందు డీన్ ఆఫీసు వాళ్ల ఫారం.
వచ్చే మార్చికి ఈ గది మాకా, విరిగిన కుర్చీలకా
దీన్నిబట్టి తేలుస్తారు.
'లబ్ధి పొందిన విద్యార్థులు' అని ఒక చిన్న గడి,
అంకెలు తప్ప ఏదీ పట్టదు.
నలభై ఒకటి అని రాశాను, కొట్టేశాను.
ఆ పెన్నుల్ని ఏ లెక్కలో వెయ్యను?
గార్‌సైడ్‌ని కూడా కలపాలా?

లెసియేలి వచ్చింది.
జాకెట్ నుంచి ఇంకా ఫినాయిల్ వాసన.
కెటిల్ పెట్టమని సైగ చేసి
ఫారం మీదే తల ఆనించి నిద్రపోయింది.

గడువు ఐదింటికి.
ఇంకా మూడున్నరే.
కెటిల్ కూత పెట్టకముందే తీసేశాను.