రెండు మీటర్ల నలభై

మొదలు నారింజ రంగు డబ్బాలొచ్చినయ్.
కడుపుల నీళ్లు పోసుకొని
ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని నిలబడ్డయ్.
వాటెనక ఆకుపచ్చ గుడ్డ.
దోహాల, నజ్మాల, సందు మలుపు నుంచి నాలుగో షట్టర్ నాది.
బోర్డు మీద కఫీల్ బిడ్డ పేరు,
మిషను మీద నేను పెట్టిన పసుపుబొట్టు,
రెండూ గుడ్డెనకకు పోయినయ్.
ముప్పై ఏండ్ల సంది గుడ్డ కోసెటోణ్ణి,
ఈ గుడ్డకు మాత్రం కత్తెర పెట్టే హక్కు లేదు.

ఆరు నెలలన్నరు.
కాయితం గోడకు అతికిచ్చి పోయిన్రు.
ఎండకు ముందుగాల తారీఖే తెల్లబడ్డది.

దుమ్ము గురించి ఏం చెప్పాలె.
ఇస్త్రీ చేస్తే మడతలల్ల అది గూడ నున్నగ కూసుంటది.
బడిపిల్లల తెల్లంగీలు తీసుడు, దులుపుడు, మళ్ల పెట్టుడు.
కుట్టుడు కంటె దులుపుడే ఎక్కువైంది.

ఫిలిప్పీన్ నర్సు ఫోన్ చేసింది:
"భాయ్, దుకాణం బంద్ చేసినవా?"
దుకాణంలనే కూసొని ఉన్నమ్మా అన్న.
ఆమె డబ్బాలకు ఆ దిక్కు, నేను ఈ దిక్కు,
నడుమ మనిషి లోతు గుంత.
సంచికి తాడు కట్టి విసిరిన,
ఒక కొస నా చేతులనే ఉంచుకొని.
అదే తాడుకు పదిహేను రియాల్లు ముడేసి పంపింది.
ఆ దినం బేరం అదొక్కటే.

పక్కన మొయ్దీన్‌కుట్టి చాయ్ దుకాణం.
ఎనిమిది నెలలు చాయ్ చల్లబడనియ్యలే.
తొమ్మిదో నెల, కిరాయి కాడ, ఆయనే చల్లబడ్డడు.
పోయేనాడు చక్కెర డబ్బా నా బల్ల మీద పెట్టి
"ఉంచు" అన్నడు, గంతే.
నాకు షుగరున్నదని ఆయనకెరుకే.

ఎండకాలం పగటిపూట పని బంద్ పెడ్తరు.
గుంతలకెంచి మనుషులు పైకొస్తరు,
నా షట్టర్ నీడల వరుసగ పండుతరు.
నేను ఫోన్ల మాట్లాడుడు విని
ఒకడు కండ్లు మూసుకొనే అడిగిండు:
"అన్నా, నీది ఏ ఊరే?"
మోర్తాడ్ దిక్కు పిలగాడు. పోశెట్టి.
కవరాల్ మోకాలు కాడ పిగిలిపోయింది.
పట్టీ వేసిన.
నా గిరాకిని మింగిన గుంతను తవ్వే మోకాలుకు
నా చేత్తోనే, రెండు వరుసల దారం.
"నీ ముందట జెర మెల్లగ తవ్వుతనే అన్నా, దుమ్ము లేవకుంట."
"మెల్లగ తవ్వకు నాయనా, జల్ది తవ్వు."

పద్నాలుగో నెల డబ్బాలు పోయినయ్.
అబద్ధమెందుకు, మంచిగున్నది.
నున్నటి ఎర్ర బాట, దాని మీద తెల్లటి సైకిల్ బొమ్మ,
అంచుకు వేప మొక్కలు.
లాండ్రీల పనిచేసే నేపాలీ పిలగాడు
మాపటి జాముల చేతులిడిసి తొక్కుకుంట పోతడు,
ఇన్నేండ్లు కార్ల నడుమ పానం అరచేతుల పట్టుకొని తొక్కినోడు.
వాణ్ణి చూస్తే ఆ బాటను తిట్టబుద్ధి గాదు.

కని కారు ఆపే జాగ లేదు.
ఆపితే జుర్మానా.
చీరె ఫాలు కుట్టిచ్చుకునే ఆమె
కారు అద్దంలకెంచి చెయ్యి ఊపి పోతది.
శుక్రారం పొద్దుగాల హెల్మెట్లోళ్లు వస్తరు,
ఒంటికతుక్కున్న, కుట్టు కనపడని బట్టలు.
నాతోని వాళ్లకేం పని.

ఒక రాత్రి టేపు తీస్కపోయి బాటను కొలిచిన.
నూటయాభై కాడ టేపు ఒడిసింది,
బొటనవేలు ఆనిచ్చి మళ్ల మొదలుపెట్టిన.
రెండు మీటర్ల నలభై.
లోపలికొచ్చి ఈ గోడ నుంచి ఆ గోడకు కొలిచిన,
ఎందుకు కొలిచిన్నో.
రెండు మీటర్ల నలభై.
టేపు చుట్టి జేబులేసుకున్న.

మొన్న పోశెట్టి వచ్చిండు,
కొత్త ప్యాంటు పొట్టి చేపిచ్చుకుంటందుకు.
చక్కెర డబ్బా మూత తీసి చాయ్ కలిపిచ్చిన.
"ఇప్పుడు ఏడ తవ్వుతున్రు?"
"మన్సూరల అన్నా. ఆడ గూడ ఒక టైలర్ ఉన్నడు, బంగ్లా ఆయన.
రోజు గుంత అంచుకొచ్చి నిలబడ్తడు, ఏం అనడు."
కాలు కొలత రాసుకుంట చెప్పిన:
"తాడు కొని పెట్టుకొమ్మను.
పొడుగుది."