గొడుగు

గోపాలపూర్ ఇసకలో
ఎల్లాజీ యమహా ఇంజను విప్పుతున్నాడు.
రేడియోలో వార్త:
జపాను క్షిపణులకి ఇంకాస్త డబ్బు పెడతాదట,
పెద్దన్న పట్టిన గొడుగు చాలదేమోనని.

"మా మామ్మ ఆ దేశం ఇమానాలకి జడిసి
పొయ్యి ఆర్పేసి
సరుగుడు తోటలో పడుకుందట రెండు రాత్రులు."
స్క్రూ పళ్ల మధ్య ఉంచుకునే నవ్వేడు.
"ఆళ్లకీ బయమేనేటి ఇప్పుడు?"

స్పార్క్ ప్లగ్గు తుడిచి
ఎండకేసి చూసేడు.

"వల నాది. పడవ సావుకారుది.
వాన ఆకాశం ఇష్టం,
గొడుగు ముడవడం ఆయనిష్టం.
నాకెందుకు తెలీదు ఆళ్ల సంగతి?"

ఒడ్డున ఎర్ర జెండా. ఫైరింగు రోజు,
సముద్రం మాది కాదు.
దూరంగా దబ్బుమన్నప్పుడల్లా
కాకులు లేచి, మళ్లీ అదే చేపతల మీద వాలుతున్నాయి.

తాడు లాగేడు.
ఒక్క లాగుకే ఇంజను పలికింది,
రెక్క గాలిని కోసుకుంటూ,
ఇసక మీద.