నరానికి నాలుక లేదు

పేరులో ఆల్కహాల్ ఉందని ఎవరో చెబితే
తాతారావు పెళ్ళాం నూకాలు హడలిపోయింది.
"మావోడు మానేసి మూడేళ్ళయిందమ్మా,
మళ్ళీ మీరే ఎక్కించేత్తన్నారేటి?"
నవ్వాను.
ఇది మత్తుది కాదు, చక్కెరకి దూరపు చుట్టం,
సార్బిటాల్ అంటారు,
పేగు కుట్లు మానేదాకా ఇదే అన్నం అన్నాను.

కేజీహెచ్‌లో రాత్రి డ్యూటీ. ఎనభై నాలుగు, అక్టోబరు.
పోర్టు నుంచి ఇనుపరాతి ఎర్రధూళి వచ్చి
గాజుసీసా మెడ మీద పేరుకునేది.
కొంగుతో తుడిచి చుక్కలు లెక్కపెట్టేదాన్ని.

ఈ తీపి నోటిని అడగదనీ
ఇన్సులిన్ గుమ్మం దగ్గర ఆగదనీ
ట్రైనింగులో ఫిలోమినా మేడమ్ చెప్పేది.
నేరుగా కాలేయానికి పోతుంది.
అక్కడో ఎంజైము దాని ఒంటిమీది
రెండు హైడ్రోజన్లు విప్పేస్తుంది,
లోపల ఉన్నది ఫ్రక్టోజు,
పనసతొనలో ఉండేదే.
దానికి ఫాస్ఫేటు తగిలించి, రెండు ముక్కలు కోసి,
గ్లూకోజుగా మలిచి ఒంటికి పంచుతుంది కాలేయం.
కొంత ఎవరికీ చిక్కకుండా మూత్రంలో జారిపోతుంది.
మంచం కింది సీసా కొలిచి రాయమనేది అందుకే.

పక్కమంచం ఆయనది జైలిటాల్.
అయిదు కార్బన్లది, దాని దారి వేరు.
మెల్లగా పోనిస్తే బుద్ధిగా పోతుంది,
తోస్తే మూత్రపిండాల్లో
ఆక్సలేటు గాజుపెంకులు పరిచిపోతుంది.
ఇవన్నీ నాకు కంఠతా వచ్చు.
వచ్చుననే అనుకున్నాను.

రెండో రాత్రి, రెండున్నరకి
తాతారావు దుప్పటి తడిసిపోయింది.
చేతులు వణుకుతున్నాయి, పిలిస్తే పలకడు.
డ్యూటీ డాక్టరు, మీసం సరిగా రాని కుర్రాడు,
వేలు గుచ్చి స్ట్రిప్ మీద రంగు చూశాడు,
లైటు కిందికి తీసుకెళ్ళి మళ్ళీ చూశాడు.
పైన సీసా నిండా తీపి,
లోపల చక్కెర కరువు.

నూకాలు గోడకానుకుని మాట్లాడుతోంది,
మాతో కాదు.
"సిన్నప్పట్నుంచీ బెల్లం ముట్టడు.
పెళ్ళినాడు మాడుగుల హల్వా నోట్లో ఎడితే
కక్కేసి పొర్లాడిపోనాడు.
పేటంతా నవ్వినారు,
ఉప్పుసేప నోరు, తీపేటి ఎరుగుతాదని."

డాక్టరు నోరు తెరవకముందే
నేను ట్యూబు మడిచి పట్టుకున్నాను.

ఫ్రక్టోజుని ముక్కలు కోసే కత్తి
ఈయన కాలేయంలో పుట్టుకతోనే లేదని
పెద్ద డాక్టరు తర్వాత బొమ్మ గీసి చెప్పాడు.
నాకు ఆ బొమ్మలో ఫిషింగ్ హార్బరు కనిపించింది.
పడవలు వస్తూనే ఉన్నాయి,
కోతపెట్టేవాళ్ళు రాలేదు,
ఉన్న ఐసంతా ఆ కుప్పల మీదే ఖర్చయిపోయింది.
జెట్టీ మీద అడుగుపెట్టే చోటు లేదు,
ఊళ్ళో పొయ్యి మీద ఎసరు లేదు.
ఐసంటే ఫాస్ఫేటు అని
మేడమ్ బతికుంటే చెప్పేదాన్ని.

ముప్ఫై ఎనిమిదేళ్ళుగా
ఆ నాలుక రోజూ వద్దంటూనే ఉంది.
చదువు రాని వైద్యుడిలా గుమ్మంలో కూర్చుని
ప్రతి పండగ పూటా పొమ్మంది.
మేము దాన్ని దాటేసి
మోచేతి దగ్గర దొడ్డిదారి తెరిచాం.
నరానికి నాలుక లేదు.
ఉమ్మడం దానికి చేతకాదు.

గ్లూకోజు పెట్టాం, అసలు చక్కెర,
ఆయన ఒంటికి సరిపడే ఒకే ఒక్క తీపి.
యారాడ కొండ మీద దీపం వెలవెలబోయే వేళకి
కళ్ళు తెరిచి నీళ్ళడిగాడు.
ఆ కళ్ళలో పసుపు తగ్గడానికి మాత్రం
మూడు వారాలు పట్టింది.
వెళ్ళేరోజు నూకాలు కాగితంలో చుట్టి
ఎండు నెత్తళ్ళు ఇచ్చింది.
నా లాకరు నెలరోజులు కంపు కొట్టింది,
కడగబుద్ధి కాలేదు.

ఆ తర్వాత ఎవరికి సీసా కట్టినా
చిన్నప్పుడు తీపి తినేవారా అని అడిగేదాన్ని.
కేసు షీటులో ఆ ప్రశ్నకి గడి లేదు.
అంచున, పెన్సిలుతో రాసేదాన్ని.